అమ్ములుకి, ఆరబెట్టే డబ్బా సంగతి

జంగారెడ్డిగూడెం

చి. అమ్ములుకి నాన్న ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్లో, పళ్లూ గింజలూ వేడిగాలితో ఆరబెట్టే డీహైడ్రేటర్ కొంటాననగానే మీ అమ్మ, "డాబా మీద చాప పరిచి ఆరబెట్టుకునేదానికి మిషనెందుకే?" అని విసుక్కుంది. సియాటెల్లో చలికాలం ఎండ మొహం చూడ్డమే గగనమని ఆవిడకేం తెలుసు! నువ్వు పంపిన మూడు డబ్బాల బొమ్మలూ రాత్రి కళ్లజోడు పెట్టుకుని చూశాను. 22 ఏళ్లు పొగాకు బ్యారన్, అదే ఆకుని వేడిపెట్టి ఆరబెట్టే కొట్టం, నడిపినవాణ్ని, ఆరబెట్టడం గురించి నన్నడక్క ఇంకెవర్నడుగుతావులే.

మొదటిదాన్ని వదిలెయ్. చవకే గానీ వేడి తగ్గించే మీట లేదు, ఎప్పుడూ 165 ఫారెన్‌హీట్ మీదే ఉంటుంది. నీలా వండకుండా పచ్చి తిండే తినేవాళ్లు 115, మహా అయితే 118 దాటకూడదంటారని నువ్వే చెప్పావు. అంటే సెల్సియస్‌లో 46, 48. మీ ఓవెన్ కూడా 170 కిందికి దిగదన్నావు. కాబట్టి ఏ డబ్బా చూసినా ముందు మీట మీద అన్నిటికంటే చిన్న అంకె ఎంతో చూడు. ఆ వేడి దాటితే తిండిలో ఎంజైములు చచ్చిపోతాయంటావు. కడుపులో ఆమ్లం వాటినెలాగూ చాలావరకు అరగదీసేస్తుందని నా గొణుగుడు. తినేది నువ్వు, నీ ఇష్టం.

రెండోది, గుండ్రటి పళ్లేలు ఒకదానిమీదొకటి పేర్చే నెస్కో కంపెనీది. 600 వాట్లు, 95 నుంచి 160 డిగ్రీలు. చూడగానే నవ్వొచ్చింది, మన బ్యారన్ కూడా ఇంచుమించు ఆ అంకెల మధ్యే తిరిగేది. మొదట 95 దగ్గర ఆకు పండనిచ్చి, తర్వాత మెల్లగా పెంచుకుంటూ, చివర్న ఈనె ఎండడానికి 160 దాకా తీసుకెళ్లేవాళ్లం. నేను చేరిన మొదటి ఏడాది తొందరపడి, ఆకులో చెమ్మ ఉండగానే మంట పెంచేశాను. ఒక బ్యారన్ ఆకంతా కమిలి నల్లబడిపోయింది. చెమ్మ బయటికి పోయే దారి లేకుండా ఎంత వేడి పెట్టినా దండగే. పైన కిటికీలు ఎప్పుడు తెరవాలో తెలిసినవాడే పనివాడు. నీ డబ్బాలో ఆ పని ఫ్యాన్ చేస్తుంది. ఈ మోడల్లో ఫ్యాన్ పైన మూతలో ఉంది, అది మంచిదే. కిందుంటే మామిడి రసం కారి మోటార్లో పడుతుంది. గాలి అన్ని పళ్లేలకూ ఒకేలా అందదు గనక మధ్యలో పైవి కిందికీ కిందివి పైకీ మార్చుకోవాలి. మధ్యలో బొక్క ఉంటుంది కాబట్టి తాండ్ర పొయ్యాలంటే దానికి సరిపడే గట్టు ఉన్న రేకు విడిగా కొనాలి, ధర చూసేటప్పుడు అదీ కలుపుకో.

మూడోది, ఎక్స్‌కాలిబర్ కంపెనీ 9 పళ్లేల పెట్టె. ఫ్యాన్ వెనక ఉండి గాలి అడ్డంగా వీస్తుంది, పళ్లేలు మార్చే బాధ పెద్దగా లేదు. రెండు పళ్లేలు తీసేస్తే మందమైనవీ పడతాయి. వస్తువుకి వంక పెట్టలేను. కానీ ఒక్కదానివి, వారానికి రెండుసార్లు ఆరబెట్టుకునేదానికి అంత డబ్బెందుకు? రెండోదే, ఆ 5 పళ్లేల నెస్కోనే తీసుకో. చాలకపోతే దానికే 12 దాకా పేర్చుకోవచ్చు. టైమర్ లేదని బెంగపడకు, గోడ ప్లగ్గుకి తగిలించే చిన్న టైమర్ కొనుక్కోవచ్చు. మిగిలిన డబ్బులతో ఒక థర్మామీటర్ కొను. మీట 115 దగ్గరున్నంత మాత్రాన లోపల 115 ఉందనుకోకు. ఈ చవక డబ్బాల్లో వేడి పైకీ కిందికీ ఊగుతుంటుంది.

అంత తక్కువ వేడిలో మామిడి ముక్కలకి ఒక పగలూ ఒక రాత్రీ పట్టొచ్చు. 20 గంటలు ఆగకుండా 600 వాట్లూ లాగితే 12 యూనిట్లు. మధ్యమధ్యలో వేడి ఆగుతుంటుంది గనక అంత కాదనుకో. ముక్కలు పలచగా, ఒకే మందంలో కొయ్యి. పైన ఎండినట్టుండి లోపల చెమ్మ మిగిలితే డబ్బాలో నాలుగు రోజులకే బూజు. ముక్క చల్లారాక విరిచి చూడు.

రాజ్మా మాత్రం మొలకెత్తించి పచ్చిగా తినకు, విషం. ఈ వేడికి అది పోదు. తక్కిన మొలకలు కూడా తడితడిగా గంటల తరబడి గోరువెచ్చగా ఉంచితే క్రిములు పెరుగుతాయి. బాదం నానబెట్టి ఆరబెట్టుకుంటావు, అది పరవాలేదు. పాలూ పెరుగూ కూడా మానేశావు గదా, బి12 మాత్ర మర్చిపోకు.

అన్నట్టు, వచ్చేటప్పుడు ఇంకోటి తెమ్మని మీ అమ్మ అంటుంది, తేవద్దు. అక్కడివి 120 వోల్టులు, మనింట్లో 230. ప్లగ్గు పెట్టగానే కాలిపోతుంది.

డబ్బా రాగానే ఖాళీగానే 115 దగ్గర పెట్టి ఒక గంట ఆడించు. పై పళ్లెంలో ఎంత చూపిస్తుందో, కింది పళ్లెంలో ఎంతో, పది నిమిషాలకోసారి రాసి నాకు వాట్సాప్ చెయ్యి.

ఇట్లు,
నాన్న