గోస్తని వెంట కొండకు

విశాఖపట్నం

ప్రియమైన మిత్రమా,

ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వు, చెల్లెమ్మ, పిల్లలు, అమ్మగారు అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తాను. సెలవు పెట్టి అందరూ కలిసి వస్తామని రాసినందుకు ఎంత సంతోషించానో, ఉదయం అరకు వెళ్ళి అన్నీ చూసుకొని రాత్రికి దిగిపోవచ్చా అని అడిగినందుకు అంత కంగారుపడ్డాను. వెళ్ళి రావచ్చు, చాలామంది అలాగే చేస్తారు. కానీ ఆ పద్ధతిలో వెళితే కొండను వాహనం అద్దంలోంచి చూడడమే తప్ప దానిమీద కాలు మోపి నడవడం ఉండదు. అందుకని కనీసం రెండు రాత్రులు పైన ఉండేలా ఏర్పాటు చేసుకో. కార్తీక మాసంలో వనభోజనాల జనంతో ఘాట్ రోడ్డు కిక్కిరిసి ఉంటుంది కనుక మార్గశిరంలో, అదీ శని ఆదివారాలు కాని రోజుల్లో వస్తే హాయిగా తిరగవచ్చు. కొండవాలు పొలాల్లో వలిసె అనే నూనెగింజ పంట పూల పసుపు విరగబూసింది చూడాలని చెల్లెమ్మకు మరీ ముచ్చటగా ఉంటే మాత్రం అక్టోబరు, నవంబరు నెలల్లోనే రావలసి ఉంటుంది.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి, దిగీదిగగానే అరకు మీదుగా పోయే కిరండూల్ బండి ఎక్కాలన్న ఆలోచన మానుకో. ఆ బండి ఉదయం ఏడు గంటలలోపే బయలుదేరుతుంది, మీ బండి కాస్త ఆలస్యమైతే అందదు. ఒకరోజు మా ఇంట్లో విశ్రాంతి తీసుకొని మర్నాడు బయలుదేరండి. పైకి మాత్రం తప్పకుండా రైల్లోనే వెళ్ళాలి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడం కోసం 1960లలో వేసిన ఈ కొత్తవలస–కిరండూల్ మార్గం, శృంగవరపుకోట, బొడ్డవర దాటాక కొండల్లోకి ప్రవేశించి, సొరంగం వెంట సొరంగం, వంతెన వెంట వంతెన దాటుకుంటూ మెల్లగా ఎక్కుతుంది. పిల్లలు సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెడితే అరకు వచ్చేదాకా వారికి వేరే ఆట అక్కరలేదు. 2017లో ఈ బండికి అద్దాల పెట్టె (విస్టాడోమ్ బోగీ) కలిపారు. దానికి గిరాకీ ఎక్కువ కనుక టిక్కెట్లు చాలా ముందుగానే తీసుకోవాలి. అరకుకు ముందు వచ్చే సిమిలిగుడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజ్ మార్గంలో దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషన్ అన్న పేరు దానికి చాలాకాలం ఉండేది.

మీరు మాత్రం అక్కడిదాకా పోకుండా బొర్రా గుహల స్టేషన్‌లోనే దిగాలని నా కోరిక. మేం విశాఖలో తాగే నీటిలో కొంత గోస్తని నదిది. ఆ నది పుట్టింది ఈ కొండల్లోనే. మీ ప్రయాణమంతా ఆ నది దారిని పట్టుకొని సాగితే బాగుంటుందని నాకు ఎంతో కాలంగా ఆశ. గుహల్లో శివలింగంగా పూజలందుకుంటున్న రాతి రూపం ఉంది. ఆ పైనున్న ఆవు ఆకారపు రాతి పొదుగు నుంచే గోస్తని పుట్టిందని స్థానికులు చెప్పుకుంటారు. అమ్మగారు ఆ దర్శనం చేసుకోకుండా రారు కదా! పిల్లలకు మాత్రం గుహ ఎలా ఏర్పడిందో నువ్వు దగ్గరుండి వివరించాలి. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిపాటి ఆమ్లగుణం పొందుతుంది, సున్నపురాయి పగుళ్ళలోకి ఇంకి రాతిని కరిగిస్తుంది. అలా కరిగించుకొన్న నీరు గుహ కప్పు నుంచి బొట్టుబొట్టుగా రాలేటప్పుడు ఆ వాయువును వదిలేస్తుంది, సున్నం అక్కడే పేరుకుంటుంది. కప్పు నుంచి వేలాడే ఊడలూ, నేల నుంచి లేచే స్తంభాలూ అలా ఏర్పడ్డవే. ఒక్కో అంగుళానికి ఎన్నెన్ని తరాలు పట్టిందో తలచుకుంటే, వాటిమీద చేయి వేయడానికే మనసొప్పదు. వేయవద్దని పిల్లలకు ముందే చెప్పు. చేతి జిడ్డు అంటినచోట ఆ పేరుకోవడం కుంటుపడుతుంది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవశాస్త్ర విభాగంవారు ఈ గుహల్లో పాతరాతియుగపు మనిషి వాడిన రాతి పనిముట్లు వెలికితీశారని కూడా వారికి చెప్పు. లోపల మెట్లు చాలా ఉంటాయి, తడికి జారుతాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు మొదటి పెద్ద మండపం వంటి భాగం వరకు దిగి ఆగితే చాలు, గుహ వైశాల్యం అక్కడి నుంచే కనిపిస్తుంది.

బొర్రాకు దగ్గరలోనే కటికి జలపాతం ఉంది. కొంత దూరం జీపు మీద గతుకుల దారిలో వెళ్ళి, మిగిలింది నడవాలి. వానలు తగ్గిన కొత్తలో అయితే నీరు నిండుగా దూకుతుంది.

అక్కడి నుంచి అనంతగిరి, సుంకరిమెట్ట వైపు సాగితే కాఫీ తోటలు మొదలవుతాయి. ఈ తోటల్లో నడవడమే నాకు ఈ కొండల మీద అన్నిటికంటే ఇష్టమైన పని. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మానులను అల్లుకొన్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు, ఇలా ఒకే నేల మీద మూడు పొరలుగా పంట ఉంటుంది. మార్గశిరానికి పండ్లు ఎర్రబడి కోత సాగుతూ ఉంటుంది. పూత మాత్రం వేసవి తొలి జల్లులు పడ్డాకే. ఈ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దీన్ని పండించేది పెద్ద ఎస్టేట్ల యజమానులు కాదు, ఎకరమో రెండెకరాలో ఉన్న గిరిజన రైతులు. గిరిజన సహకార సంస్థ దుకాణంలో ఒక పొట్లం కొన్నా అందులో కొంత ఆ రైతుకు చేరుతుంది. దయచేసి దారి పక్క తోటల్లో పండ్లు తెంపవద్దు.

అరకు ఊళ్ళో పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం ఉన్నాయి. పిల్లలకు తోటలోని చిన్న రైలు, అమ్మగారికి మ్యూజియం నచ్చుతాయి, వాటికి ఒక పూట చాలు. గిరిజనుల థింసా నాట్యం మాత్రం తీరిగ్గా కూర్చొని చూడండి. స్త్రీలు పక్కపక్కన నిలిచి ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు పెనవేసుకొని వరుసగా కదులుతుంటే, డప్పు, తుడుము, మోరి వాద్యాల గతికి అడుగులు మారుతూ పోతాయి. ఫొటోల కోసం మధ్యలో దూరి వరుస చెదరగొట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. డుంబ్రిగుడ దారిలోని చాపరాయి దగ్గర పరచినట్లున్న బండ మీదుగా ఏరు పారుతుంది. చూడడానికి ఎంత ఆటగా ఉన్నా నాచు పట్టిన చోట కాలు నిలవదు, లోతు గుంటలు పైకి కనబడవు. పిల్లలను చేయి వదలకుండా, అంచునే ఆడనివ్వు.

రెండవ రాత్రి పాడేరులో బస చేసి, తెల్లవారుజామున నాలుగింటికే లేచి వంజంగి కొండ ఎక్కాలి. అమ్మగారికి ఇది వద్దు, మనం వెళదాం. ఆకాశం నిర్మలంగా, గాలి నిలకడగా ఉన్న చలి రాత్రుల్లో నేల వేడి పైకి పోయి, చల్లబడిన బరువైన గాలి లోయలోకి జారి నిలుస్తుంది. అందులోని తేమ మంచుగా మారి లోయంతా కమ్ముకుంటుంది, శిఖరం మాత్రం పైన తేటగా ఉంటుంది. అందుకే సూర్యుడు పొడిచే వేళకు అక్కడ నిలబడితే మేఘాలు మన పాదాల కింద పరచుకొని, దూరపు కొండల కొసలు దీవులుగా తేలుతుంటాయి. ఎండ ముదిరితే అంతా కరిగిపోతుంది కనుక ఆలస్యంగా ఎక్కినవారికి మామూలు లోయే మిగులుతుంది. అంత దూరం వెళ్ళలేకపోతే అరకుకు దగ్గరలో మాడగడ ఉంది, అక్కడా ఇటువంటి దృశ్యమే ఉంటుంది. టార్చిలైటు, జారని బూట్లు, చెవులు కప్పే మఫ్లరు తెచ్చుకో. తిన్న పొట్లాల కాగితాలు, నీళ్ళ సీసాలు తిరిగి మన సంచిలోనే దిగాలి. ఆ శిఖరం మీద పోగుపడుతున్న ప్లాస్టిక్‌ను చూసి నేను చాలాసార్లు మనసు కష్టపెట్టుకున్నాను.

లంబసింగి పేరు నువ్వు రాశావు కానీ, దానిని ఈసారికి వదిలేద్దాం. అది చింతపల్లి వైపు ఉంది, నర్సీపట్నం మీదుగా వెళ్ళడం సులువు. తాజంగి జలాశయంతో కలిపి మరోసారి విడిగా చూడవలసిన చోటు అది.

తిరుగు ప్రయాణం అరకు మీదుగా రోడ్డు మీదే చేద్దాం. ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పే పిల్లలకు నిమ్మకాయ దగ్గర పెట్టుకోవాలి, గాలికొండ వ్యూపాయింట్ దగ్గర కాసేపు ఆగాలి. బొంగులో చికెన్ తినాలన్న నీ కోరిక ఆ దారిలోనే తీరుతుంది. కళ్ళముందు కాల్చి వెదురు చీల్చి ఇచ్చేచోట మాత్రమే తిను. కొండ దిగాక తాటిపూడి జలాశయంలో పడవ ఎక్కుదాం. గోస్తనికి కట్టిన ఆనకట్టే అది, మా విశాఖ నీళ్ళు కొన్ని అక్కడి నుంచే వస్తాయి. సమయం మిగిలితే ఆ నది సముద్రంలో కలిసే భీమునిపట్నం దాకా వెళ్ళి ఇంటికి చేరుకోవచ్చు.

ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతంలో, దోమలు ఎక్కువ, మలేరియా భయం ఇంకా పూర్తిగా పోలేదు. ఒంటికి రాసుకొనే మందు, నిండు చేతుల బట్టలు మరువకు. చిల్లర డబ్బు కూడా దగ్గర ఉంచుకో, సంతలో పసుపు, రాజ్‌మా కొనడానికి అదే పనికొస్తుంది. నువ్వు తేదీలు ఖాయం చేసి రాస్తే అద్దాల పెట్టెకు టిక్కెట్లు, పాడేరులో గదులు నేను చూస్తాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ స్నేహితుడు