చేతులు రుద్ది వేడి చేసి రక్తం తీసిన మేడమ్‌కు

ఇప్పుడే నల్లగొండ నుంచి ఆఖరి బస్సుకు ఇంటికొచ్చాం. పాప పడుకుంది, నాకు నిద్ర పట్టట్లేదు.

మా పాప ఎనిమిదో తరగతి. దేవరకొండ దగ్గర మా ఊరి సర్కారు బడి. బడిలో థైరాయిడ్ రక్తపరీక్షలు చేస్తామని టీం వచ్చిన రోజు నేనూ వెళ్లాను, సూదంటే పాపకు భయం. నరం దొరకలేదు. లాబ్ మేడమ్ సూది పక్కన పెట్టి, పాప చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు రుద్దారు. "గింత ఎండల చెయ్యి గింత సల్లగున్నదేంది బిడ్డా?" అన్నారు. నా వైపు తిరిగి, ఎత్తు పెరుగుతోందా అని అడిగారు. రెండేళ్ల కిందటి యూనిఫాం ఇంకా సరిపోతోందని సంతోషపడ్డ తల్లిని నేను! కాళ్లు గుంజుతున్నాయంటే ఫ్లోరైడ్ నీళ్లేమో అనుకున్నాం. పొద్దున లేవకపోతే బద్ధకమని తిట్టాం.

తర్వాత 20 రోజులు ఏ కబురూ లేదు. అడిగితే "ఏమన్నా ఉంటే ఫోన్ వస్తది" అన్నారు. ఫారంలో మా నంబరు ఒక అంకె తప్పు పడిందట, రిపోర్ట్ బీరువాలోనే ఉండిపోయింది. అంతమంది పిల్లల రక్తం తీసుకున్నారు కదా, ఫలితం తల్లిదండ్రులకు అందిందా లేదా చూసేవాళ్లు ఒక్కరు ఉండొద్దా?

ఆ మేడమే గుర్తుపెట్టుకుని, తన సెలవు రోజున బస్సెక్కి, మా ఇల్లెక్కడని అడుగుతూ వచ్చారు. థైరాయిడ్ సరిగ్గా పనిచేయకపోతే పెరిగే టీఎస్‌హెచ్ అనే లెక్క 5 లోపు ఉండాల్సింది 100 దాటింది. నేను ఏడుస్తుంటే "రోజూ మాత్రతో దారికొచ్చేదే అక్కా, ముందు డాక్టర్‌కు చూపించు" అన్నారు. మాత్ర పరగడుపున వేయాలని, అరగంట దాకా ఏమీ తినొద్దని, బడిలో ఇచ్చే ఐరన్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల తేడా ఉండాలని పాప నోట్‌బుక్ వెనక రాసిచ్చారు. బస్సు ఛార్జీలు తీసుకోలేదు. రెండు బత్తాయిలు పాపతో ఇప్పిస్తే ఒకటి తిరిగి పాప చేతిలోనే పెట్టారు.

మాత్ర మొదలుపెట్టిన ఆరు వారాలకు ఈరోజు మళ్లీ పరీక్ష. 8కి దిగింది. పాప చెయ్యి వెచ్చగా ఉంది.

పేరు రాయొద్దన్నారు మేడమ్, రాయలేదు. మీకు చేతులెత్తి దండం పెడుతున్నా.

మా ఆయన, అత్తమ్మ, తమ్ముడు ఎట్లాగూ ఉన్నారు. నల్లగొండలో చూసిన డాక్టర్ గారికి, హాజరు విషయంలో ఇబ్బంది పెట్టని హెడ్‌మాస్టర్ గారికి ధన్యవాదాలు.

పోస్టు పెట్టాక గుర్తొచ్చింది: మేడమ్‌కు మా ఇల్లు చూపించింది ఆశా అక్క. క్షమించు అక్కా. పాపకు తప్పిపోయిన పాఠాలన్నీ రాసిపెట్టిన పక్కింటి పిల్లకు కూడా ధన్యవాదాలు.