నీ ఊరి రాణీగారి చుట్టరికాలు

బంగారం,

మొన్న ఆదివారం కాల్‌లో నేనేం మాట్లాడలేదని నువ్వు ఫీలయ్యావంట, మీ నాన్న చెప్పారు. ఫీల్ అవ్వకు. ఫోన్లో తేలే విషయం కాదని ఊరుకున్నా అంతే. నీ రూమ్మేట్ మీ అమ్మానాన్నలది లవ్ మ్యారేజా అని అడగడం, నువ్వు మామూలుగా కాదు మా నాన్న మా అమ్మకి మేనత్త కొడుకు అని చెప్పడం, ఆ పిల్ల అదోలా మొహం పెట్టడం, తర్వాత డిన్నర్ దగ్గర అందరికీ చెప్పి నవ్వడం, నువ్వు రూముకొచ్చి ఏడవడం, ఇదంతా విన్నాక నాకు కోపం ఆ పిల్ల మీద రాలేదు. వాళ్ల భాషలో మేనత్త కొడుక్కీ బాబాయి కొడుక్కీ పిన్ని కొడుక్కీ అన్నిటికీ కలిపి ఒక్కటే మాట, కజిన్. మనం బాబాయి కొడుకుని అన్నయ్య అంటాం, మేనత్త కొడుకుని బావ అంటాం, ఆ తేడా వాళ్ల చెవికి ఎక్కదు, మరి వింతగా ఉండదా.

అలాగని మేనరికం గొప్పదని నేను వాదించట్లేదు. డాక్టర్లు వద్దంటారు, నేనూ వద్దనే అంటాను, నీకు మీ మావయ్య కొడుకుని చూడమని మీ అమ్మమ్మ అన్నప్పుడు ముందు అడ్డం పడింది నేనే కదా. కానీ నవ్వారు చూడు, అది ఏ ఊళ్లో కూర్చుని నవ్వారో వాళ్లకి తెలీదు. ఫ్రాన్స్‌లోని పొయిటియర్స్‌లో! (పువాతియే అనాలని నువ్వు కరెక్ట్ చేస్తావు, సరే పువాతియే.) నువ్వు రోజూ క్లాసుకెళ్లే దారిలో పాత ప్యాలెస్ ఉందన్నావు చూడు, మొన్నమొన్నటిదాకా కోర్టు నడిచిందని, లోపల పెద్ద హాలు ఉందని ఫొటో పంపావు, ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లి ఐదు తరాల వెనక చుట్టరికం చూపించి రద్దు చేశారు. ఇరవై రెండేళ్లు డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్పినదాన్ని, సిలబస్‌లో ఆవిడ రెండు లైన్లు కూడా ఉండేది కాదు, రిటైరయ్యాక ఇప్పుడు తీరిగ్గా చదువుతున్నా. మంచం మీద పాత క్యాలెండర్ కాగితాలు పరిచి వెనకవైపు వంశవృక్షం గీస్తుంటే మీ నాన్న ఎవరిదైనా ఆస్తి పంపకాలా అని అడిగారు.

ఆవిడ పేరు అలియెనోర్. ఇంగ్లీషు పుస్తకాల్లో ఎలినార్ ఆఫ్ అక్విటైన్ అంటారు. 1122లోనో 1124లోనో పుట్టింది. వాళ్లమ్మ పేరు అయెనోర్, అందుకని ఈ పిల్లని లాటిన్‌లో 'ఆలియా అయెనోర్' అంటే ఇంకో అయెనోర్ అన్నారని, అదే అలియెనోర్ అయిందని చెప్తారు. మన ఇళ్లల్లో చిన్న లక్ష్మి పెద్ద లక్ష్మి ఉండరూ, అలాగ.

నాన్న వైపు చూస్తే అందరూ గియోమ్‌లే (ఇంగ్లీషులో విలియం). నాన్న గియోమ్ 10, తాత గియోమ్ 9, ముత్తాత గియోమ్ 8. ఇందులో తమాషా ఏంటంటే ఎనిమిదో ఆయన అసలు పేరు గీ, ఆయనకి ముందు ఏలిన అన్నగారి అసలు పేరు పియేర్, గద్దె ఎక్కగానే ఇద్దరూ గియోమ్ అని పేరు మార్చుకున్నారు. అంటే అది పేరు కాదు, అక్విటైన్ డ్యూక్ కుర్చీ. ఆ కుర్చీ కింద ఉన్న భూమి ఫ్రాన్స్ రాజు సొంతంగా ఏలుకునే దానికన్నా చాలా పెద్దది, పువాతియే నుంచి బోర్డో దాటి పిరనీస్ కొండల దాకా.

తాతగారు గియోమ్ 9 మాత్రం సినిమాకి పనికొస్తాడు. దక్షిణాది వాళ్ల భాషలో ప్రేమ పాటలు కట్టాడు, పదకొండు పాటలు ఆయన పేరు మీద మిగిలాయి, ఆ భాషలో మనకి దొరికిన మొదటి కవి ఆయనే. చర్చి రెండుసార్లు వెలేసింది. పెళ్లాం ఫిలిప్పా ఉండగానే, తన కింద సామంతుడు షాటెల్రో వైకౌంట్ భార్యని తెచ్చుకుని కోటలో మోబెర్జియోన్ అనే టవర్‌లో పెట్టాడు. ఆవిడ పేరు దాంజెరూజ్, ఇప్పటి ఫ్రెంచ్‌లో 'ప్రమాదకరమైనది' అని అర్థం వస్తుంది, నువ్వే చెప్పాలి. ఆవిణ్ణి వదిలెయ్యమని పోప్ తరఫున బిషప్ వచ్చి చెప్తే, ఆ బిషప్ బట్టతల ఆయన, నీ తల మీద జుట్టు మొలిచి దువ్వెన పట్టాక వదిలేస్తాలే అన్నాడని ఒక ఇంగ్లీషు సన్యాసి రాశాడు.

ఇప్పుడు అసలు మెలిక. దాంజెరూజ్‌కి మొగుడి వల్ల ఒక కూతురుంది, పేరు అయెనోర్. ఆ అయెనోర్‌ని 1121లో గియోమ్ 9 కొడుక్కి ఇచ్చి చేశారు. వాళ్లకి పుట్టిందే మన అలియెనోర్. అంటే ఈ పిల్లకి తాతయ్య, అమ్మమ్మ పెళ్లి కాకుండా ఒకే టవర్‌లో కాపురం, నాన్నకి అత్తగారు తండ్రి ఉంచుకున్న మనిషి. నీ రూమ్మేట్‌కి మన చుట్టరికం అర్థం కాలేదు కదా, దీన్ని ఒకసారి వాళ్ల భాషలో చెప్పమను చూద్దాం. ఆ టవర్ ఇంకా ఉంది కదా, నువ్వు ఫొటో తీసిన బిల్డింగ్ వెనకవైపు, తర్వాతి కాలంలో తిరిగి కట్టారనుకో.

నాయనమ్మ ఫిలిప్పా సంగతి వేరు, నాకు ఈ మొత్తం చెట్టులో ఆవిడ అంటేనే ఎక్కువ బాధ. తులూజ్ అనే ఊరిని ఏలే కౌంట్‌కి కూతురు, ఆయనకి కొడుకులు లేరు, తండ్రి తర్వాత ఊరు తనకి రావాలి, కానీ బాబాయి లాగేసుకున్నాడు. ఆ బాబాయి మొదటి క్రూసేడ్‌కి (జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన యుద్ధం) వెళ్తే 1098లో మొగుడూ పెళ్లాలు వెళ్లి తులూజ్ పట్టుకున్నారు. రెండేళ్లయ్యాక మొగుడికి తనూ క్రూసేడ్‌కి వెళ్లాలనిపించింది, డబ్బుల్లేవు, పెళ్లాం ఊరిని తీసుకెళ్లి ఆ బాబాయి కొడుక్కే తాకట్టు పెట్టేశాడు! 1101లో పోయి సైన్యం మొత్తం పోగొట్టుకుని వచ్చాడు. ఆవిడ చివరికి విసుగొచ్చి ఫోంతెవ్రో మఠంలో చేరిపోయింది. కానీ ఆ తులూజ్ తగాదా పోలేదు బంగారం, మన వైపు పొలం గట్టు కేసుల్లాగే వారసులకి వచ్చింది. 1141లో అలియెనోర్ మొదటి మొగుడు నా భార్య నాయనమ్మ హక్కు అని తులూజ్ మీదికి వెళ్లాడు, 1159లో రెండో మొగుడు అదే మాట చెప్పి అదే ఊరి మీదికి వెళ్లాడు, ఇద్దరూ ఉత్త చేతులతో వచ్చారు, 1196లో అలియెనోర్ కూతురు జోన్‌ని ఆ తులూజ్ కౌంట్‌కి ఇచ్చి పెళ్లి చేస్తేగానీ తెమల్లేదు. లెక్క వేస్తే తొంభై ఎనిమిదేళ్లు.

ఇక పెళ్లి సంగతికి వస్తా. 1137 ఏప్రిల్‌లో నాన్న తీర్థయాత్రలో పోయాడు, తమ్ముడు చిన్నప్పుడే పోయాడు, మొత్తం ఈ పిల్లదే. జూలైలో బోర్డోలో ఫ్రాన్స్ రాజు కొడుకు లూయీతో పెళ్లి, వారం తిరక్కుండానే మామగారు పోయి ఈయన లూయీ 7 అయ్యాడు. అప్పటి చర్చి రూల్ ప్రకారం ఏడు తరాల లోపు చుట్టరికం ఉంటే పెళ్లి చెల్లదు. మన ధర్మశాస్త్రాల్లో కూడా సపిండం అని తండ్రి వైపు ఏడు తరాలు తల్లి వైపు ఐదు తరాలు ఉంది కదా, 1955 హిందూ వివాహ చట్టంలో అది ఐదు, మూడు అయింది, ఆచారం ఉన్నవాళ్లకి మినహాయింపు ఇచ్చారు, ఆ మినహాయింపులోనే మీ నాన్నా నేనూ ఉన్నాం. వాళ్లకి ఆచారం పేరు మీద మినహాయింపు లేదు, కానీ రాజుల ఇళ్లల్లో ఏడు తరాలు లెక్కపెడితే అసలు పెళ్లికూతురు దొరకదు. అందుకని పెళ్లప్పుడు ఎవరూ లెక్కపెట్టరు, వదిలించుకోవాలంటే లెక్కపెడతారు.

వీళ్లిద్దరి లెక్క ఇదీ. ఫ్రాన్స్ రాజు రోబేర్ 2 అని ఉన్నాడు, భక్తుడు అని బిరుదు. ఆయనకి కొడుకులు ఆన్రీ, రోబేర్. ఆన్రీ కొడుకు ఫిలిప్, ఆయన కొడుకు లూయీ 6, ఆయన కొడుకు లూయీ 7. అటు రోబేర్ బర్గండీకి డ్యూక్, ఆయన కూతురు హిల్డెగార్డ్‌ని గియోమ్ 8కి ఇచ్చారు, ఆవిడ కొడుకు పాటల తాత గియోమ్ 9, తర్వాత గియోమ్ 10, తర్వాత అలియెనోర్. అటు నాలుగు మెట్లు, ఇటు ఐదు మెట్లు. ఇంకో సంగతి, ఈ భక్తుడు రోబేర్‌నే 1000 ప్రాంతంలో భార్య బెర్త్ నీకు చుట్టమవుతుంది వదిలెయ్యి అని పోప్ పట్టుబట్టి విడదీయించాడు. తర్వాత చేసుకున్న ఆవిడకి పుట్టినవాళ్లే ఈ ఆన్రీ, రోబేర్.

క్రూసేడ్‌కి వెళ్లినప్పుడు 1148లో అంతియోక్‌లో (ఇప్పటి టర్కీలో ఉంది) అలియెనోరే ముందు ఈ చుట్టరికం మాట ఎత్తిందంట, మన పెళ్లి చెల్లదు అని మొగుడి మొహం మీదే. ఆ ఊరిని ఏలే ప్రిన్స్ రేమండ్‌తో ఆవిడకి ఏదో ఉందని పుకారు లేచింది, పుస్తకాల్లో 'అంకుల్' అని రాస్తారు చదివేస్తాం, కానీ రేమండ్ అంటే సొంత నాన్నకి తమ్ముడు. బాబాయి! తెలుగులో ఆ మాట అనుకుని మళ్లీ ఆ పుకారు చదువు, రాసినవాడి నోట్లో పురుగులు పడ అనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో 1149లో పోప్ ఇద్దరినీ కూర్చోబెట్టి పెళ్లి చెల్లుతుంది, చుట్టరికం మాట ఇంకెవరూ ఎత్తకూడదు అని తీర్పు చెప్పి, తనే మంచం కూడా వేయించాడు. తర్వాత పుట్టింది రెండో ఆడపిల్ల. రాజుకి కొడుకు కావాలి. అంతే, 1152 మార్చి 21న బోజాన్సీలో బిషప్పులు కూర్చున్నారు, చుట్టాలొచ్చి వీళ్లు చుట్టాలే అని ప్రమాణం చేశారు, పెళ్లి రద్దు. పోప్ చెల్లుతుందన్న పెళ్లి మూడేళ్లకి చెల్లలేదు. కూతుళ్లిద్దరూ సక్రమ సంతానమే అన్నారు, కానీ తండ్రి దగ్గరే ఉంచేశారు.

ఎనిమిది వారాలకి, మే 18న, ఆవిడ నీ పువాతియేలోనే హెన్రీని చేసుకుంది, పంతొమ్మిదేళ్ల కుర్రాడు, తర్వాత ఇంగ్లండ్ రాజు. ఇప్పుడు ఈ చుట్టరికం చూడు. హిల్డెగార్డ్ తల్లి పేరు ఎర్మెంగార్డ్, ఆంజూ ఇంటి ఆడపిల్ల. ఆవిడకి మొదటి మొగుడి వల్ల పుట్టిన కొడుకు హెన్రీకి ముత్తాత, రెండో మొగుడి వల్ల పుట్టిన హిల్డెగార్డ్ అలియెనోర్‌కి తాతమ్మ. ఇద్దరికీ నాలుగేసి మెట్లు. అంటే వదిలేసిన మొగుడికన్నా చేసుకున్న మొగుడే దగ్గర చుట్టం! నేను మూడుసార్లు లెక్కపెట్టా, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టా. ఎవరూ ఏమనలేదు.

లూయీ తక్కువ తిన్నాడా? చుట్టరికం పాపం కడుక్కుని 1154లో కాస్టీల్ రాజకుమారి కాన్‌స్టాన్స్‌ని చేసుకున్నాడు. ఆవిడకి తండ్రి అల్ఫోన్సో, ఆయన తల్లి ఉర్రాకా, ఆవిడ తల్లి ఎవరనుకున్నావు, అదే బర్గండీ డ్యూక్ రోబేర్ ఇంకో భార్య కూతురు. మళ్లీ అటు నాలుగు ఇటు ఐదు. అలియెనోర్‌తో ఎంత చుట్టరికమో సరిగ్గా అంతే, ఒక్క మెట్టు తేడా లేదు. 1215కి చర్చే విసుగొచ్చి ఏడుని నాలుగుకి తగ్గించింది.

అలియెనోర్ తర్వాతి కథ నీకు సగం తెలుసు, హెన్రీతో ఎనిమిది మంది పిల్లలు, కొడుకుల తిరుగుబాటుకి సాయం చేసిందని 1173 నుంచి 1189లో మొగుడు పోయేదాకా కాపలాలో ఉంచారు. ఎనభైకి దగ్గరపడ్డాక 1200లో పిరనీస్ దాటి వెళ్లి, మనవరాలు బ్లాంష్‌ని తీసుకొచ్చింది, ఎవరికి ఇవ్వడానికి? లూయీ 7 మనవడికి. తను తెంపుకొచ్చిన ఇంటికే తన మనవరాలు. 1204లో పోయింది, నాయనమ్మ చేరిన ఫోంతెవ్రోలోనే ఉంది, సమాధి మీద పడుకుని పుస్తకం చదువుతున్నట్టు చెక్కారు. అక్కడికి నీ దగ్గర్నుంచి ఎంతో దూరం లేదు, ఒక వీకెండ్ వెళ్లిరా.

పారిస్ వెళ్లినప్పుడు మాత్రం లూవ్ర్‌లో ఆవిడ కూజా చూడు. స్ఫటికంతో చేసింది, తేనెపట్టులా గళ్లు గళ్లుగా చెక్కి ఉంటుంది. ఆవిడ వస్తువుల్లో ఇప్పటికీ మిగిలింది అదొక్కటే అంటారు. సూజేర్ అనే మఠాధిపతి కింద లాటిన్‌లో రాయించాడు, దీన్ని మితదోలుస్ తాతకి ఇచ్చాడు, పెళ్లికూతురు అలియెనోర్ రాజు లూయీకి ఇచ్చింది, రాజు నాకిచ్చాడు, నేను దేవుడి భక్తులకి ఇచ్చాను అని. మితదోలుస్ అంటే స్పెయిన్‌లో ఒక ముస్లిం రాజు అని తేల్చారు. పాటలు కట్టి పెళ్లాం ఊరు తాకట్టు పెట్టిన ఆ తాతే, కూజా మాత్రం తాకట్టు పెట్టకుండా ఉంచాడు, నాకు అదే ఆశ్చర్యం. మా అమ్మ ఇచ్చిన వెండి మరచెంబు మీద నాయనమ్మ పేరు చెక్కించి ఉంటుంది చూశావా, మీ నాయనమ్మ నాకు అత్తగారు కాకముందే మేనత్త కదా, అది రెండు వైపుల నుంచీ నాదే అని చిన్నప్పుడు నువ్వు నన్ను ఏడిపించేదానివి.

ఆ రూమ్మేట్‌ని శనివారం భోజనానికి పిలువు. మామిడికాయ పప్పు వండు, కారం తగ్గించి. వాదనకి దిగకు, కాగితం మీద మెట్లు గీసి చూపించు చాలు. నేను గీసిన క్యాలెండర్ కాగితం ఫొటో వాట్సాప్‌లో పెడుతున్నా. మీ నాన్న దాని మీద కాఫీ గ్లాసు పెట్టేశారు, మరక సరిగ్గా ఎర్మెంగార్డ్ మీద పడింది, ఆ పేరు చదవడానికి రాకపోతే ఫోన్ చెయ్యి.

అమ్మ