తెలుగు పదాలను ముక్కలు చేస్తున్న మీ లైబ్రరీపై ఫిర్యాదు

ప్రొడక్ట్ మేనేజర్ గారికి,

విషయం: స్ట్రింగ్ (అక్షరాల వరుస) నుంచి పదాలు విడదీసే ఫంక్షన్ తెలుగులో తప్పు ఫలితాలు ఇవ్వడం, ఆ ముక్కలకు కూడా బిల్లు వేయడం, సమస్య తీరకుండానే ఫిర్యాదు టికెట్ మూసేయడం గురించి.

నమస్కారం. మీ టెక్స్ట్ ప్రాసెసింగ్ లైబ్రరీని (ప్రోగ్రాముల్లో వాడుకునే రెడీమేడ్ కోడ్‌ని) డబ్బు కట్టి వాడుతున్న డెవలపర్‌ని. మా బృందం ఒక డిజిటల్ గ్రంథాలయానికి సెర్చ్ తయారుచేస్తోంది. అందులోని కథలు, వ్యాసాలు అన్నీ తెలుగువే. సెర్చ్ పనిచేయాలంటే ముందు ప్రతి స్ట్రింగ్‌లోని పదాలు విడివిడిగా, పూర్తిగా చేతికి రావాలి. ఆ పని కోసమే మీ లైబ్రరీ తీసుకున్నాం. మీరు మద్దతు ఇచ్చే భాషల పట్టికలో తెలుగు పేరు చూసే తీసుకున్నాం.

జరుగుతున్నది ఇది. ‘రాముడు అడవికి వెళ్లాడు’ అనే వాక్యాన్ని మీ ఫంక్షన్‌కి ఇస్తే మూడు పదాలు రావాలి. వస్తున్నది ఒకే ఒక్క ముక్క: ‘అడవ’. రాముడు లేడు, వెళ్లాడు లేదు. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, లాగ్‌లో మాత్రం పని విజయవంతంగా పూర్తయిందని ఉంటుంది. మా పాఠకులు సెర్చ్‌లో ‘తెలుగు’ అని టైప్ చేస్తే ‘ఫలితాలు లేవు’ అని వస్తోంది. పూర్తిగా తెలుగు పుస్తకాలే ఉన్న గ్రంథాలయంలో ఈ జవాబు చూసి వాళ్లు మమ్మల్ని అడుగుతున్నారు.

కారణం మేమే వెతికి పట్టుకున్నాం. మీ లైబ్రరీ లోపల పైథాన్‌తో పాటు వచ్చే, రాతలో నమూనాలు (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు) వెతికే ‘రీ’ మాడ్యూల్‌ని వాడుతోంది. పదాన్ని గుర్తించడానికి బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అనే గుర్తు మీద ఆధారపడుతోంది. ఆ మాడ్యూల్‌లో ఆ గుర్తుకు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే సరిపోతాయి. యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే ప్రమాణంలో, మన అచ్చులు, హల్లులు అక్షరాల వర్గంలో ఉంటాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా మాత్రం వేరే వర్గంలో, అక్షరానికి తోడుగా వచ్చే చిహ్నాలుగా ఉంటాయి. అందుకని ఆ నమూనా గుణింతం కనిపించిన ప్రతిచోటా పదం అయిపోయిందనుకుంటుంది. ‘తెలుగు’ కాస్తా త, ల, గ అని మూడు ముక్కలవుతుంది. ఆ తర్వాత మీ డిఫాల్ట్ సెట్టింగ్ ఒకే అక్షరం ఉన్న ముక్కలను పనికిరానివని పారేస్తుంది. ఇక మిగిలేది శూన్యం.

పదం పూర్తిగా మాయమైతే కనీసం ఎవరో ఒకరు గమనిస్తారు. ఇంకో రకం తప్పు ఉంది, నా దృష్టిలో అదే ఎక్కువ ప్రమాదం. ‘కలం’లో సున్నా పోయి ‘కల’ అవుతోంది. ‘మనం’ వెళ్లి ‘మన’ అవుతోంది. రెండూ నిజమైన తెలుగు పదాలే కాబట్టి ఇండెక్స్ (సెర్చ్ వెతికే పదాల పట్టిక) చూసినవాళ్లకు ఏ అనుమానమూ రాదు. ‘కల’ అని వెతికిన పాఠకుడికి కలం గురించి రాసిన వ్యాసాలు వస్తాయి. ‘కలం’ అని వెతికినా అదే జాబితా వస్తుంది, ఎందుకంటే వెతికే మాటనూ అదే ఫంక్షన్ కోస్తోంది. రావాల్సిన పదాలు ముందే రాసిపెట్టుకోని ఏ ఆటోమేటిక్ టెస్టూ దీన్ని పట్టుకోదు. ఆ పదాలు తెలుగు చదవగలిగిన మనిషి రాయాల్సిందే.

మీ టెస్టులు ఎందుకు పాసయ్యాయో కూడా అర్థమైంది. మీ ప్యాకేజీలోని తెలుగు టెస్ట్ ఫైల్‌లో ఉన్న మాటలు కల, పలక, నడక, ఉడత. ఒక్కదానికీ గుణింతం లేదు, ఒత్తు లేదు, సున్నా లేదు. ఇలాంటి మాటలు ఈ తప్పు నమూనాతోనూ చెక్కుచెదరకుండా బయటికి వస్తాయి. మామూలు తెలుగు వార్తలోంచి ఒక్క వాక్యం ఇచ్చి చూసి ఉంటే లోపం అప్పుడే బయటపడేది. టెస్ట్ రాసినవాళ్లకు తెలుగు రాకపోవడం తప్పు కాదు. తెలుగు వచ్చినవాళ్లకు ఒక్కసారి చూపించకుండా పట్టికలో ఆ భాష పేరు చేర్చడం తప్పు.

ఇక బిల్లు సంగతి. మీ ప్లాన్‌లో లెక్క పదాలను బట్టి ఉంటుంది, అదీ చిన్న ముక్కలు పారేయకముందే లెక్కిస్తారు. పై వాక్యాన్నే తీసుకోండి. రాముడుకి మూడు ముక్కలు, అడవికికి రెండు, వెళ్లాడుకి నాలుగు, మొత్తం తొమ్మిది. మూడు పదాల వాక్యానికి తొమ్మిది పదాల బిల్లు వేసి, చేతికి ఒక ముక్క ఇస్తున్నారు. ఇంగ్లిష్‌లో అంతే పొడవున్న వాక్యానికి సరిగ్గా మూడు పదాలే లెక్కవుతున్నాయి. సేవ సరిగా అందని భాష వాళ్ల దగ్గరే ఎక్కువ డబ్బు తీసుకోవడం ఏ రకంగానూ న్యాయం కాదు.

ఇదంతా మీ సపోర్ట్ వాళ్లకు ఉదాహరణలతో సహా రాశాను. మొదటి జవాబు: ‘తెలుగు ఫాంట్ ఇన్‌స్టాల్ చేసుకోండి’. ఫాంట్‌కీ దీనికీ సంబంధం లేదు. ఫాంట్ తెర మీద అక్షరం ఎలా కనబడాలో చూసుకుంటుంది. స్ట్రింగ్‌లో ఉన్న కోడ్‌లను మీ ఫంక్షన్ ఎక్కడ కోస్తుందన్నది ఫాంట్ మారితే మారదు. రెండో జవాబు: ‘స్పేస్ దగ్గర విడగొట్టుకోండి’. అలా చేస్తే ‘వెళ్లాడు’ ఒక పదం, చివర చుక్క ఉన్న ‘వెళ్లాడు.’ ఇంకో పదం అవుతాయి. కామా, కొటేషన్, బ్రాకెట్ అన్నీ పదాలకు అంటుకునే ఉంటాయి. వాటిని తీసేయడానికి మీరే ఇచ్చిన క్లీనింగ్ ఫంక్షన్ వాడితే అది కామాలతో పాటు గుణింతాలనూ తుడిచేస్తోంది. ఈ జవాబులిచ్చి, నేను మళ్లీ రాసేలోపే ‘పరిష్కారమైంది’ అని టికెట్ మూసేశారు. సమస్యను చదవకుండా మూసేయడం నాకు లోపం కన్నా ఎక్కువ బాధ కలిగించింది.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మీద యూనికోడ్ సంస్థ ఇచ్చిన 18వ సాంకేతిక ప్రమాణం, పదంలో భాగమయ్యే అక్షరాల్లో ఈ చిహ్నాలన్నీ చేరాలని చెబుతోంది. పదాల హద్దులు ఎక్కడో చెప్పడానికి యూనికోడ్ ప్రమాణానికి 29వ అనుబంధం ఉంది. దాన్ని అమలు చేసిన ఐసీయూ (ఇంటర్నేషనల్ కాంపోనెంట్స్ ఫర్ యూనికోడ్) లైబ్రరీ అందరికీ ఉచితంగా దొరుకుతుంది. జావాస్క్రిప్ట్‌లో ఇదే పనికి ఇంటల్ సెగ్మెంటర్ అనే సదుపాయం ఉంది. పైథాన్‌లోనే ఉండాలనుకుంటే, ‘రీ’ బదులు ‘రెజెక్స్’ మాడ్యూల్‌లో యూనికోడ్ వర్గాల పేర్లతో నమూనా రాయొచ్చు: ఒక అక్షరం, దాని వెంట ఎన్ని అక్షరాలు, చిహ్నాలు, అంకెలు వస్తే అన్నీ. మేం తాత్కాలికంగా ఇదే రాసుకున్నాం. పై వాక్యానికి మూడు పదాలూ చక్కగా వచ్చాయి.

సవరించేటప్పుడు ఇంకో రెండు విషయాలు మరవకండి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, పక్క అక్షరాలు కలవకుండా ఆపే కోడ్ ఉంటుంది. దాన్ని ఖాళీగా లెక్కిస్తే ఆ మాట మళ్లీ రెండుగా తెగుతుంది. అలాగే ఐత్వాన్ని ఒకే కోడ్‌తో రాయొచ్చు, ఎత్వానికి ఇంకో చిహ్నం కలిపి రెండు కోడ్‌లతోనూ రాయొచ్చు. తెర మీద తేడా తెలియదు, ప్రోగ్రామ్‌కి మాత్రం అవి రెండు వేరు పదాలు. అందుకే విడదీసే ముందు స్ట్రింగ్‌ని ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ఇలాంటి రెండు రాతలనూ ఒకే కోడ్‌కి తెచ్చే యూనికోడ్ రూపంలోకి, మార్చాలి. హిందీ, తమిళం, కన్నడం, మలయాళంలో కూడా గుణింతాల పద్ధతి ఇదే కాబట్టి, ఆ భాషల కస్టమర్లకూ ఇప్పుడు ఇదే అవస్థ ఉంటుంది.

నేను కోరేవి ఇవి. మూసేసిన టికెట్‌ను తెరిచి, యూనికోడ్ తెలిసిన ఇంజనీర్‌కి అప్పగించండి. సవరించిన వెర్షన్ ఎప్పుడు ఇస్తారో తేదీ చెప్పండి. అది వచ్చేదాకా భాషల పట్టికలోంచి తెలుగు తీసేయండి, లేదా పరిమితి ఉందని పక్కనే రాయండి. ముక్కలను పదాలుగా లెక్కించి మా దగ్గర వసూలు చేసిన అదనపు మొత్తం వెనక్కి ఇవ్వండి. మా వాడకం వివరాలు మీ సర్వర్లలోనే ఉన్నాయి కాబట్టి లెక్క తేల్చడం కష్టం కాదు. ఇది కుదరదంటే, మిగిలిన కాలానికి చందా రద్దు చేసి డబ్బు తిరిగి ఇప్పించండి.

గుణింతాలు, ఒత్తులు, సున్నాలు, కనిపించని జాయినర్లు అన్నీ వచ్చేలా తెలుగు వాక్యాలు, ఒక్కోదానికి రావాల్సిన పదాలు రాసిన టెస్ట్ ఫైల్ ఈ లేఖతో పంపుతున్నాను. దాన్ని మీ ప్యాకేజీలో చేర్చుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ లైబ్రరీ వాడుతున్న ఒక తెలుగు డెవలపర్

జతపరిచినవి: టెస్ట్ ఫైల్, సపోర్ట్ వాళ్లతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు, బిల్లుల కాపీలు