విహారయాత్ర అంటే చార్మినారేనా?

అయ్యా,

హైదరాబాద్‌కు విహారయాత్రకు వచ్చే విద్యార్థుల బస్సులు చార్మినార్, గోల్కొండ చూపించి తిరిగి వెళ్తున్నాయి. 1908 మూసీ వరద తర్వాత ఈ నగరం మళ్లీ ఎలా లేచి నిలబడిందో ఆ పిల్లలకు చెప్పేవారు లేరు. వరద తర్వాత మూసీ ఒడ్డున లేచిన కట్టడాలే నదికి దక్షిణాన హైకోర్టు, ఉత్తరాన ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం. రెండింటికీ రూపకల్పన బ్రిటిష్ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్‌దే. 1916 నాటి కాచిగూడ రైల్వేస్టేషన్ కూడా ఆయనదే. ఒక్క పూటలో ఈ మూడూ బయటి నుంచి చూసేయవచ్చు. ఆ గుమ్మటాలను, తోరణాలను బస్సు కిటికీలోంచి కాదు, ఎదురుగా నిలబడి తలెత్తి చూడాలి. మరో పూట 1939లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆర్ట్స్ కాలేజీ భవనానికి కేటాయిస్తే ఇంకా మంచిది.

అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 1997లోనే పాతనగరంలో వారసత్వ నడక, అంటే పాత కట్టడాలను నడిపిస్తూ చూపించే కార్యక్రమం, మొదలుపెట్టింది. హైదరాబాద్ నగరపాలక సంస్థ కూడా తెలుగులో వివరించే గైడ్లతో, ఇరవై మందికి మించని బృందాలతో, ప్రతి ఆదివారం ఉదయం ఇలాంటి నడక నిర్వహించాలి. జిల్లాల నుంచి వచ్చే ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు రుసుము పెట్టవద్దని నా విన్నపం.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, వరంగల్