సి, డి కప్పుల అర ఎందుకు ఖాళీగా ఉందంటే

మన షాపుకు ఎప్పుడూ వచ్చే అక్కలకు, వదినలకు, చెల్లెళ్ళకు,

పైడితల్లి అమ్మవారి పండగ దగ్గర పడింది. సిరిమాను ఉత్సవానికి ముందు విజయనగరంలో బట్టల షాపులన్నీ కిటకిటలాడుతుంటే, మన దగ్గర బ్రాలలో సి, డి కప్పులు లేవు. వచ్చిన సరుకును నేనే వెనక్కి పంపేశాను.

తిరుప్పూర్ సరుకు మాకు వేసే డీలరు పంపిన పెట్టెల మీద 36సి అని ఉంది. అంకె వీపు చుట్టూ ఉండే బ్యాండు సైజు, అక్షరం కప్పు సైజు. టేపు పెట్టి చూస్తే 36బికీ దానికీ కప్పులో తేడాయే లేదు, లేబుల్ ఒక్కటే మారింది. ఫోన్ చేసి అడిగితే, "మీ ఊళ్ళో సి, డి ఎవరడుగుతారమ్మా? అడిగితే 38బి ఇచ్చేయండి, కప్పు అదే కదా" అన్నాడు.

కప్పు వరకు ఆయన మాట నిజమే. 36సి, 38బి కప్పుల్లో పట్టేది దాదాపు ఒకటే. అందుకే నాకు నిద్ర పట్టలేదు. పండగ బేరం పోతుంది, కట్టిన అడ్వాన్సు ఎప్పుడొస్తుందో తెలియదు, 38బి అమ్మేస్తే ఎవరూ తప్పు పట్టరు కూడా. కానీ బరువు మోయాల్సింది భుజాల మీది పట్టీలు కాదు, వీపు చుట్టూ ఉండే బ్యాండు. 36 వాళ్ళకు 38 బ్యాండు వదులు. అది వదులైతే వెనకాల పైకి పాకుతుంది, బరువంతా పట్టీల మీద పడి భుజాలు గాడి పడతాయి. మీలో చాలామంది మొదట నా దగ్గరికి వచ్చింది ఆ గాళ్ళతోనే. నా చేత్తో మళ్ళీ అదే ఇవ్వలేను.

నెల్లిమర్ల నుంచి, గజపతినగరం నుంచి బస్సెక్కి వచ్చి, బిడియం దాటుకుని కొలత ఇచ్చే ఆడవాళ్ళను ఆయన ఎప్పుడూ చూడలేదు. "ఎవరడుగుతారు" అన్న మాట నాకింకా మంటగానే ఉంది.

వేరే చోట మాట్లాడాను. శాంపిల్ కొలిచి చూశాకే ఆర్డరు, ధర కొంచెం పెరుగుతుంది. ఈలోగా మీ ఇంట్లో ఉన్నవి చూసుకోండి. కొత్తది చివరి హుక్కుకే, అంటే అన్నిటికంటే వదులైనదానికే, బిగుతుగా సరిపోవాలి, ఎలాస్టిక్ సాగాక లోపలి హుక్కులు పనికొస్తాయి. బ్యాండు కింద రెండు వేళ్ళు పడితే చాలు. రొమ్ము కింద కొలతకీ, నిండుగా ఉన్నచోట కొలతకీ మధ్య తేడా రెండంగుళాలైతే బి, మూడైతే సి, నాలుగైతే డి.

పాలిచ్చాక పైభాగం పల్చబడినవాళ్ళకు కప్పు పైన ఖాళీ మిగులుతుంది. అలాంటప్పుడు సైజు తగ్గించకండి, పైన తక్కువ ఎత్తున్న కప్పు కావాలి. ఒకవైపు పెద్దగా ఉంటే పెద్దదానికే సైజు తీసుకుని, రెండోవైపు పలచటి ప్యాడు పెట్టుకోండి. అలా తేడా ఉండటం చాలామందిలో మామూలే, సిగ్గుపడకండి.

పాతవి తీసుకొచ్చినా కొలిచి చెప్తాను, కొనక్కర్లేదు. 36సి వాళ్ళు మాత్రం పండగకని 38బి ఇమ్మని బతిమాలొద్దు. ఎంత కావలసినవాళ్ళు అడిగినా ఇవ్వను.