కారు అమ్మేశాను నాన్నా

ఫ్యూర్త్, జర్మనీ
17 జులై 2022, ఆదివారం

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. అమ్మ మోకాలు ఎలాగుంది? కరోనా రెండేళ్లూ పోయాక ఈసారి పర్లాకిమిడిలో రథం జనంతో కదిలిందని తమ్ముడు వీడియో పంపాడు. అందులో మీరు కనిపిస్తారేమోనని మూడుసార్లు చూశాను. పక్కింటి మావయ్య కనిపించాడు గానీ మీరు కనిపించలేదు. ఎండకి వెళ్లలేదా, లేకపోతే మళ్లీ ఎవరిమీదైనా అలిగారా?

ఫోన్లో చెప్తే మీకు సగం వినపడదు. మిగతా సగం తమ్ముడు తనకి నచ్చినట్టు మార్చి చెప్తాడు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ణి కాబట్టి మాట్లాడినట్టే రాస్తాను. తప్పులు దిద్ది తిరిగి పంపకండి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కారు అమ్మేశాను.

అవును, ముందుగదిలో టీవీ పక్కన ఫ్రేము కట్టించి పెట్టారే, ఆ ఎర్ర కారే. ఫొటో మాత్రం తియ్యకండి, బుడ్డోడు అందులో బాగా పడ్డాడు. "ఏటొచ్చింది, ఉద్యోగం గానీ పోయిందా?" అని అమ్మ వెంటనే అడుగుతుంది. పోలేదు. జీతం ఒకటో తారీకుకల్లా పడుతోంది. అప్పులూ లేవు. కూర్చుని లెక్క వేసుకున్నాను, అంతే.

ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైందా, మార్చిలో ఇక్కడ పెట్రోలు లీటరు రెండు యూరోలు దాటిపోయింది. మన లెక్కలో నూట అరవై పైమాటే. బంకు బయట పెద్ద బోర్డు మీద ధర ఉంటుంది, దాని చివర నెత్తిమీద పిలకలాగ చిన్న తొమ్మిది ఒకటి. బాటా షాపులో చెప్పుల ధర చూసి మీరు విసుక్కునేవారు చూడండి, ఆ బాపతే. పైగా ఇక్కడ ధర రోజుకి చాలాసార్లు మారుతుంది. మన దగ్గర 2017 జూన్ నుంచి పొద్దున్న ఆరింటికి ఒక్కసారి మారుతోంది, దానికే గోల పెట్టాం కదా. ఇక్కడ జనం పనులకి బయల్దేరే వేళకి ఎక్కువ, సాయంత్రం పొద్దుపోయాక తక్కువ. ఏ బంకులో ఎంతో ఫోన్లోనే కనిపిస్తుంది.

ఒకరోజు బుడ్డోణ్ణి నిద్రపుచ్చి, రాత్రి తొమ్మిదింటికి, ఆరు సెంట్లు తక్కువని నాలుగు కిలోమీటర్లవతల బంకుకి వెళ్లి ముప్పై లీటర్లు పోయించుకొచ్చాను. ఏదో సాధించినట్టు ఇంట్లోకొచ్చి చెప్తే, మీ కోడలు తల ఎత్తకుండానే అడిగింది, "పోయి రావడానికి బండి ఎంత తాగింది?" అని. లెక్క కడితే నాకు మిగిలింది డెబ్బై సెంట్లు. చెప్పలేదనుకోండి. పెట్రోలుకని పాతపట్నం వాళ్లు సరిహద్దు దాటి మన ఊరి బంకుల్లో లైను కడితే, వాళ్లని చూసి మీరూ నేనూ నవ్వేవాళ్లం. ఆంధ్రాలో పన్ను ఎక్కువ, ఒడిశాలో తక్కువ, పాపం వాళ్లేం చేస్తారు. ఆ రాత్రి వాళ్లే గుర్తొచ్చారు. పైగా వాళ్లకి లీటరుకి ఐదారు రూపాయలన్నా కలిసొచ్చేది.

నా పని ఫోర్‌హైమ్ ఊళ్లో. ఇంటి నుంచి ముప్పై కిలోమీటర్లు, రానూ పోనూ అరవై. నా పాత కారు నూరు కిలోమీటర్లకి ఏడు లీటర్లు తాగేది. నెలకి ఇరవై రోజులంటే ఎనభై నాలుగు లీటర్లు, రెండు యూరోల చొప్పున 168 యూరోలు. అంటే ఇంచుమించు పదమూడున్నర వేలు. పెట్రోలొక్కటే అయితే పళ్లు కొరుక్కుని ఊరుకునేవాణ్ణి. బీమా ఉంది, బండి పన్ను ఉంది, చలికాలానికి వేరే టైర్లు, వాటిని మార్చే కూలీ, రెండేళ్లకోసారి బండి పరీక్ష. ఈసారి ఆ పరీక్షకి వెళ్తే అడుగున తుప్పు పట్టిందన్నారు. బాగుచెయ్యడానికి చెప్పిన ధర వింటే, ఆ డబ్బుతో మన పెరటి గోడ రెండుసార్లు కట్టొచ్చు.

ప్రభుత్వం ఊరికే కూర్చోలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మూడు నెలలు పెట్రోలు మీద పన్ను లీటరుకి 35 సెంట్లు తగ్గించారు. ఆ 35 మొత్తం బంకు దాకా చేరిందా, మధ్యలో ఎవరైనా జేబులో వేసుకున్నారా అని ఇక్కడ పెద్ద రచ్చ. మీ దగ్గరా అదే కథ కదా. మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 లోపల పద్నాలుగుసార్లు పెంచి లీటరుకి పది రూపాయలు ఎక్కించారు, మే నెలలో పన్ను ఎనిమిది దించారు. దించినరోజు తమ్ముడు ఎంత సంబరపడ్డాడో!

అదే మూడు నెలలకి ఇంకో పని కూడా చేశారు, అదే నన్ను మార్చింది. నెలకి తొమ్మిది యూరోలు కడితే చాలు, దేశం మొత్తం మీద ఎక్కడికైనా సిటీ బస్సు, ట్రాము, మెట్రో, ప్యాసింజరు బళ్లు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. దూరం పోయే ఎక్స్‌ప్రెస్సులు మాత్రం కుదరవు. తొమ్మిది యూరోలంటే ఏడు వందల పాతిక రూపాయలు. నా కారు రోజున్నరలో తాగే పెట్రోలు దానికన్నా ఎక్కువ. బుడ్డోడికి ఆరేళ్లు నిండలేదు కాబట్టి వాడికి టికెట్టే లేదు.

ఫ్యూర్త్ స్టేషన్లో లోకల్ ఎక్కితే అరగంటలో ఫోర్‌హైమ్‌లో దిగుతాను. మొదటి వారంలోనే టికెట్టు తనిఖీకి ఒకావిడ వచ్చింది. అమ్మ వయసుంటుంది. నా టికెట్టు చూసి, తిప్పి, ఖాళీగా ఉన్న గీత మీద వేలు పెట్టింది. పేరు రాసుకోలేదు నేను. రాయకపోతే చెల్లదు. జేబులు తడుముకుంటే పెన్ను లేదు. ఆవిడే పెన్ను తీసిచ్చి, నేను రాసేదాకా నిలబడింది. మన ఇంటిపేరు చదవబోయి, మధ్యలో ఒగ్గేసి నవ్వుకుంటూ పోయింది. మీరైతే ముందు నాలుగు చివాట్లు పెట్టి, ఆ తరవాత పెన్నిచ్చేవారు. మీరు డ్యూటీ చేసిన రైలు లైనులో నౌపడా నుంచి గుణుపురం దాకా మీ చివాట్లు తిననివాళ్లు ఎవరున్నారు!

ఆ మాట ఎత్తాను కాబట్టి, మీకోసం ఒక కబురు దాచాను. జర్మనీ మొత్తానికి మొదటి రైలు ఎక్కడ నడిచిందో తెలుసా? నేనుంటున్న ఈ ఊరికే. 1835 డిసెంబరు 7న పక్కనున్న న్యూరెంబర్గ్ నుంచి ఫ్యూర్త్‌కి, ఆరు కిలోమీటర్లు. ఇంజను ఇంగ్లండు నుంచి తెప్పించారు, డ్రైవరూ ఇంగ్లీషువాడే. ఇప్పుడు చాలావరకు ఆ దారి వెంబడే మెట్రో పోతుంది. ఏళ్లతరబడి నేను కారులో ఆ పక్కనుంచే పోయాను, తెలీనే తెలీదు. మొన్న తొమ్మిది యూరోల టికెట్టు మీద బుడ్డోణ్ణి న్యూరెంబర్గ్ రైలు మ్యూజియానికి తీసుకెళ్తే అక్కడ తెలిసింది. ఆ ఇంజను నమూనా ఉంది. పొడుగు పొగగొట్టం, పసుపు పెట్టెలు. బుడ్డోడు "తాత రైలు" అన్నాడు. మన రెండున్నర అడుగుల పట్టాల చిన్న రైలు ఫొటోలు వాడికి చూపించాను లెండి, వాడికి చిన్న ఇంజనేదైనా తాత రైలే.

ఇంకా వినండి. ఆ రోజుల్లో ఇక్కడ బొగ్గు మహా ఖరీదు, ఎక్కణ్ణుంచో బళ్ల మీద రావాలి. అందుకని ఇంజను రోజుకి కొన్ని ట్రిప్పులే తిప్పి, మిగతా ట్రిప్పులకి అవే పట్టాల మీద అవే పెట్టెలకి గుర్రాలు కట్టేవారట! ఇంజను కొనీ గుర్రాలు కట్టారు. చదివి అక్కడే నవ్వొచ్చింది. ఇంధనం ధర చూసి బండి మార్చుకోవడం ఈ ఊరికి కొత్తేం కాదు. 1900లో రాజావారు మన లైను వేయించిన నాటికి ఈ లైనుకి అరవై అయిదేళ్లు. మనది 2004లో ఆపేసి, పెద్ద పట్టాలు వేసి, పర్లాకిమిడి దాకా 2010లో, గుణుపురం దాకా 2011లో మళ్లీ నడిపారు. ఆ ఏళ్లల్లో మీరు సాయంత్రాలు ఖాళీ స్టేషనుకి వెళ్లి కూర్చునేవారని అమ్మ చెప్పింది. మీరు నాకెప్పుడూ చెప్పలేదు.

ఈ తొమ్మిది యూరోల టికెట్టు ఆగస్టు 31తో అయిపోతుంది. తరవాత ఏమిటో ఇంకా తేల్చలేదు. మామూలు నెల పాసుకి దీనికన్నా చాలా రెట్లు పెట్టాలి. అయినా కారు ఖర్చు ముందు అది ఆగదు. వారానికి రెండు రోజులు ఫ్యాక్టరీలో నాతో పనిచేసే టర్కీ ఆయన కారులో కలిసి వెళ్తున్నాను, పెట్రోలు చెరిసగం. దారి పొడుగునా వాళ్ల నాన్న కబుర్లే చెప్తాడు. నేనూ మీ గురించి చెప్తాను. ఇద్దరు ముసలాళ్లూ కలిస్తే గంటలో పోట్లాడుకుంటారని తేల్చాం.

ఇక తమ్ముడి సంగతి. వాడు చెప్పొద్దన్నాడు, అయినా చెప్తున్నాను. కాశీనగరం అవతల బడికి రోజూ రానూ పోనూ యాభై అయిదు కిలోమీటర్లు. బండి లీటరుకి యాభై ఇచ్చినా, నెలకి పాతిక రోజులకి ఇరవై ఏడున్నర లీటర్లు, మూడు వేలకి కాస్త తక్కువ. అదే బడిలో పనిచేసే ఇంకో మాస్టారు మన వీధి చివరే ఉంటాడు, ఆయనకీ అంతే అవుతుంది. ఒక వారం వీడి బండి, ఒక వారం ఆయన బండి అనుకుంటే ఇద్దరికీ సగం మిగులుతుంది. దానికి మీరు ఒప్పుకోలేదట. "అన్న కారులో తిరుగుతుంటే తమ్ముడు ఇంకొకడి బండి వెనకాల కూర్చుంటాడా, ఊళ్లో ఏటనుకుంటారు" అన్నారట.

ఇప్పుడు అన్నకి కారు లేదు నాన్నా. అన్న టర్కీ ఆయన పక్కన కూర్చుని పోతున్నాడు. కాబట్టి తమ్ముణ్ణి వెళ్లనివ్వండి.

రైలెక్కమని మీరంటున్నారని తెలుసు. మీ ప్రాణం దాంట్లోనే ఉంది. కానీ బడి వేళకీ బండి వేళకీ పొత్తు కుదరట్లేదంటున్నాడు. పైగా కరోనా తరవాత ప్యాసింజరుకి ఎక్స్‌ప్రెస్ ఛార్జీ పెట్టి, పది రూపాయల కనీసం టికెట్టుని ముప్పై చేశారు. ట్రెక్కరు జీపులో వెళ్లమని మాత్రం అనకండి, పదిమంది పట్టేదాంట్లో పద్దెనిమిదిమందిని కుక్కి, ఇద్దర్ని వెనక వేలాడదీసి పోతారు. బ్యాటరీ స్కూటరు అప్పు మీద కొంటానని వాడి పట్టు. వేసవిలో బ్యాటరీ బళ్లు తగలబడ్డాయని పేపర్లో చదివి మీ భయం. నా మటుకు నాకు భయం లేదు గానీ, ఒక్క వానాకాలం ఆగమనండి. బడి దగ్గర ఛార్జింగు పెట్టుకునే వీల్లేదు. ఎక్కువ దూరం పోతుందన్న బండి వాడికందే ధరలో లేదు. అందే ధరలో ఉన్నది సాయంత్రం తిరిగొచ్చేసరికి ఊరవతల తోయించుకుంటుందేమో, ముందు ఒకటి అడిగి తీసుకుని నాలుగు రోజులు నడిపి చూడమనండి.

నేను సైకిలు కొన్నాను. సెకండ్‌హ్యాండే, నూట నలభై యూరోలు. ఇంటి నుంచి స్టేషనుకి దాని మీదే. మబ్బు లేని ఆదివారాలు పెద్ద కాలవ గట్టు వెంట ఎర్లాంగెన్ దాకా తొక్కుతాను. పడవలు పోయే కాలవ, గట్టు చదునుగా ఉంటుంది. మొదటి వారం ఒకరోజు స్టేషను దగ్గరే కుడికాలి ప్యాంటు చైనులో ఇరుక్కుంది. లాగితే రాలేదు, వెనక్కి తిప్పితే ఇంకా మింగింది. అటు రైలు వచ్చేస్తోంది. గట్టిగా లాగాను, జానెడు చిరిగింది, మడమ దాకా నల్లటి గ్రీజు. ఫ్యాక్టరీలో ఒకామె స్టేప్లరుతో కుట్టింది, సాయంత్రం దాకా అలాగే తిరిగాను. అప్పుడు గుర్తొచ్చింది. మీరు తెల్ల ప్యాంటు వేసుకుని, కుడికాలికి ఆ స్టీలు క్లిప్పు పెట్టుకుని డ్యూటీకి పోయేవారు. ఎన్నేళ్లు తొక్కారో, ఒక్క మరక చూడలేదు నేను.

ఆ క్లిప్పు మీ ఇనపపెట్టెలో, పచ్చజెండా ఎర్రజెండా చుట్టిపెట్టిన దాని కింద ఉండాలి. ఇక్కడా దొరుకుతాయి, ప్లాస్టిక్కువి, మెరుస్తూ. నాకు అది కావాలి. మీ కోడలి తమ్ముడు సెప్టెంబరులో వస్తున్నాడు, అమ్మ ఇచ్చే ఆవకాయ సీసాతో పాటు అది కూడా పంపండి. తుప్పు పట్టి ఉంటే కిరసనాయిలు రాసి తుడవమని తమ్ముడికి చెప్పండి, మీరు వొంగి కూర్చోకండి.

అమ్మకి నమస్కారాలు. తమ్ముడికి ఈ ఉత్తరం మీరే చదివి వినిపించండి, వాడి గురించి రాసిన ముక్క దాటెయ్యకుండా.

ఇట్లు,
మీ పెద్దబ్బాయి